రిచర్డ్స్ బే బొగ్గు రేవు

గరాటులో పోసిన నీరు ఎంత వేగముగా దిగునన్నది దాని పై మూతి వెడల్పును బట్టి యుండదు. అడుగున నున్న సన్నని కాడను బట్టి యుండును. ఓడరేవుల విషయమునను ఇంతే. దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే బొగ్గు రేవు చరిత్ర దీనికి మంచి ఉదాహరణము.

ఆ దేశపు ముఖ్యమైన బొగ్గు గనులు విట్‌బాంక్, ఎర్మెలో ప్రాంతములందున్న పీఠభూమిలో ఉన్నవి. సముద్రము అచ్చటికి చాల దూరము. మొదట ఎగుమతి బొగ్గు డర్బను రేవుగుండ పోయెడిది. అంతకు పూర్వము డర్బనుకు బొగ్గునిచ్చినవి నేటాల్ గనులు. అందు పనిచేసిన భారతీయ కూలీలలో తెలుగువారును ఉండిరి. 1913లో గాంధీజీ నడిపిన సమ్మె నేటాల్‌లోని న్యూకాజిల్ గనులలోనే మొదలైనది.

1970 ప్రాంతమున జపాను ఉక్కు కర్మాగారములు ఈ బొగ్గును కోరినవి. ఓడ ఎంత పెద్దదైన టన్నుకు పడు రవాణా ఖర్చు అంత తగ్గును. కాని పెద్ద ఓడకు లోతైన నీరు కావలెను. డర్బనులో అంత లోతు లేకపోవుటచే, దానికి ఈశాన్యముగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున, మ్లతూజె నది కడలిలో కలియు మడుగును ఎన్నుకొనిరి. 1879లో జూలూ యుద్ధకాలమున ఆ తీరమును పరిశీలించిన బ్రిటిషు నౌకాధికారి ఫ్రెడరిక్ రిచర్డ్స్ పేరు అప్పటికే దానికి నిలిచియున్నది. ఇంజనీర్లు మడుగు నడుమ పెద్ద కట్ట వేసి దానిని రెండుగా విభజించిరి. ఉత్తర భాగమును త్రవ్వి రేవుగా చేసిరి. దక్షిణ భాగమును పక్షులకును చేపలకును విడిచి, నదిని అటు మళ్లించి, సముద్రమునకు వేరొక ముఖద్వారము తెరచిరి. నది తెచ్చు ఒండ్రు రేవును పూడ్చకుండుటకు కూడ ఈ ఏర్పాటు అక్కరకు వచ్చినది.

1976 ఏప్రిల్ 1న రేవు తెరువబడినది. అప్పటి బొగ్గు విభాగపు సామర్థ్యము ఏటికి 1 కోటి 20 లక్షల టన్నులు. 1973 నాటి చమురు సంక్షోభము పిమ్మట బొగ్గుకు గిరాకీ పెరుగగా విస్తరణలు ఒకదాని వెంట ఒకటి జరిగి, 2010 నాటికి సామర్థ్యము 9 కోట్ల 10 లక్షల టన్నులైనది. ధక్కా పొడవు 2.2 కిలోమీటర్లు, అచ్చట ఒకేసారి ఆరు ఓడలు నిలువగలవు.

ఇక బొగ్గు ప్రయాణమును చూతము. గనులనుండి రేవునకు సుమారు 580 కిలోమీటర్లు. రైలుపట్టాల నడుమ వెడల్పు 1,067 మిల్లీమీటర్లే, అనగా మన మీటరు గేజి కంటె ఏడు సెంటీమీటర్లు మాత్రమే ఎక్కువ. అంతటి ఇరుకు దారిపై ఎర్మెలోలో రెండు రైళ్లను జతచేసి 200 వ్యాగనుల రైలును నడుపుదురు. దాని పొడవు సుమారు రెండున్నర కిలోమీటర్లు. ఎర్మెలో సముద్రమట్టమునకు 1,700 మీటర్ల ఎత్తున ఉన్నది. దారిలో ఎగుడుదిగుడులున్నను, మొత్తముమీద నిండు రైలు దిగును, ఖాళీ రైలు ఎక్కును. ప్రకృతి చేసిన ఈ మేలు సామాన్యమైనది కాదు.

రేవు చేరిన వ్యాగనులను టిప్లరను యంత్రము పట్టుకొని తలక్రిందులుగా త్రిప్పును. జారిపడిన బొగ్గు కన్వేయరు పట్టీలమీద పోయి, రకమునకొక గుట్టగా చేరును. ఒక గని బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, మరియొక దానిలో తక్కువ. కొనువాడు కోరిన పాళ్లలో కలుపుటకే ఈ వేరు గుట్టలు. అయితే బొగ్గును ఎక్కువకాలము గుట్టపెట్టి ఉంచుట అపాయము. అది గాలిలోని ఆక్సిజనును పీల్చుకొని వేడెక్కును. ఆ వేడి బయటికి పోవు దారి లేనిచో నిప్పు ముట్టింపకయే రాజుకొనును. అందువలన గుట్టలను అదిమి, వాటి ఉష్ణోగ్రతను గమనించుచుండవలెను.

ఓడ నింపుటయు సులభము కాదు. ఖాళీగా వచ్చు ఓడ నిలకడకై సముద్రపు నీటిని అడుగున నింపుకొని వచ్చును. బొగ్గు పడుకొలది ఆ నీటిని తోడివేయవలెను. ఒకే గదిలో బొగ్గంతయు పోసినచో ఓడ నడుము విరుగును.

ఇప్పుడు విద్యార్థులు ఒక లెక్క వేయవచ్చును. వ్యాగను 84 టన్నులు మోయగా, 200 వ్యాగనుల రైలు 16,800 టన్నులు తెచ్చును. లక్షన్నర టన్నుల ఓడకు తొమ్మిది రైళ్లు కావలెను. రేవు పూర్తి సామర్థ్యముతో పనిచేయవలెనన్న దినమునకు సుమారు 15 రైళ్లు రావలెను. ఆవరణములో 82 లక్షల టన్నులు నిల్వ చేయవచ్చును గాని, ఆ లెక్కన అది దాదాపు నెల దినములకే చాలును.

సగటున దినమునకు ఆ 15 రైళ్లు ఏ సంవత్సరమునను రాలేదు. 2017లో ఎగుమతి 7 కోట్ల 65 లక్షల టన్నులకు చేరినది, అదియే గరిష్ఠము. పిదప ఏటేట తగ్గి, 2023లో 4 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయినది. అనగా దినమునకు ఎనిమిది రైళ్లయినను లేవు. ధక్కా అదే, యంత్రములు అవే. రేవును బొగ్గు కంపెనీలు నడుపుచుండగా, రైలుమార్గము ప్రభుత్వ సంస్థయైన ట్రాన్స్‌నెట్ చేతిలో ఉన్నది. 2014లో 1,064 ఇంజన్లు కొనుటకు ఆ సంస్థ చేసికొన్న ఒప్పందములు అవినీతి ఆరోపణలతో వివాదమున చిక్కుకొనగా, విడిభాగములు లేక ఎన్నో ఇంజన్లు షెడ్లలో నిలిచిపోయినవి. దారి పొడవున రాగి తీగలను దొంగలు కోసికొనిపోవుట మరియొక బెడద. తీగ తెగిన దినమున ఎంత బలమైన విద్యుత్ ఇంజనైనను కదలదు.

ఈ నష్టము విలువ 2022లో బాగుగా తెలిసినది. ఉక్రెయిన్ యుద్ధముతో ఐరోపా దేశములు రష్యా బొగ్గును మానుకొనగా, ధర మున్నెన్నడు లేనంతగా పెరిగినది. అటువంటి ఏడు ఎగుమతి 5 కోట్ల టన్నులు దాటి కొద్దిగా మాత్రమే పోయినది. కొందరు గనివారు లారీలలో బొగ్గును అదే రేవులోని ఇతర ధక్కాలకు పంపిరి. లారీ 34 టన్నులు మోయునన్నచో ఒక్క రైలుకు బదులు దాదాపు 500 లారీలు కావలెను. రేవునకు పోవు రహదారులు లారీల బారులతో నిండిపోయినవి.

2024లో ఎగుమతి కొంత కోలుకొని 5 కోట్ల 20 లక్షల టన్నులైనది. ఆ ఓడలలో పెక్కింటికి గమ్యము ఆసియా. భారతదేశము ముఖ్యమైన కొనుగోలుదారులలో ఒకటి. మన స్పాంజి ఇనుము కొలుములలో కాలు బొగ్గులో కొంత ఈ ఇరుకు పట్టాలమీదుగా దిగివచ్చినదే.