ఇంట్లోనే సోలార్ డిష్ పొయ్యి.. కడప ఎండకు ఎంత వంట ఉడుకుతుంది? తయారీలో ఈ జాగ్రత్తలు తప్పనిసరి!

వేసవి వచ్చిందంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల జనం మధ్యాహ్నం పూట గడప దాటడానికే జంకుతారు. అదే ఎండను ఒక గిన్నె కిందకు చేరిస్తే నీళ్లు మరుగుతాయి, పప్పు ఉడుకుతుంది. పాత డిష్ యాంటెన్నాకు అద్దం ముక్కలు అతికించి క్షణాల్లో కట్టెలు అంటించే వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. చూడ్డానికి ఈజీగానే కనిపిస్తుంది. కానీ అద్దాల డిష్ అంటే స్విచ్ లేని పొయ్యి. లెక్క ప్రకారం చేస్తే గ్యాస్ ఆదా అవుతుంది. లెక్క తప్పితే కళ్లు పోతాయి, గడ్డివామి అంటుకుంటుంది. ఇంతకీ ఈ డిష్ ఎలా పనిచేస్తుంది? ఎంత వేడి ఇస్తుంది? ఎలా చేసుకుంటే ప్రమాదం తక్కువ? వివరంగా చూద్దాం.

తిరుమలలో ఇదే టెక్నిక్!

ఇదేమీ కొత్త విషయం కాదు. తిరుమలలో భక్తుల అన్నప్రసాదం కోసం టీటీడీ 2002లోనే సోలార్ ఆవిరి వంట వ్యవస్థను ఏర్పాటు చేసింది. భవనం పైన 106 అద్దాల డిష్‌లు బిగించి, వాటి వేడితో నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరిని వంటశాలకు పంపేలా డిజైన్ చేశారు. దాదాపు 15 వేల మందికి వండే సామర్థ్యంతో దీన్ని రూపొందించారు. షిర్డీ సాయిబాబా సంస్థాన్‌లోనూ ఇలాంటి డిష్‌లే 73 పెట్టారు. వీటిని షెఫ్లర్ డిష్‌లు అంటారు. వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ అనే శాస్త్రవేత్త వీటిని రూపొందించారు. ఇక ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని బైసానివారిపల్లె అయితే ఇంటింటా పారాబొలిక్ కుక్కర్లతో పొగలేని ఊరుగా పేరు తెచ్చుకుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1870ల్లో బొంబాయిలో ఉద్యోగం చేసిన విలియం ఆడమ్స్ అనే ఇంగ్లిష్ అధికారి ఖరీదైన వంపు అద్దాల జోలికి పోకుండా చిన్న చిన్న చదును అద్దాలను వరుసగా అమర్చి నీళ్లు మరిగించాడు. ఆ ప్రయోగాలపై 1878లో పుస్తకం కూడా రాశాడు. ఇవాళ ఇంట్లో డిష్ చేసేవాళ్లకూ ఆయన చూపించిన దారే చవక.

మామూలు గిన్నె ఆకారం చాలదా?

చాలదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. సూర్యుడి నుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా ఉంటాయి. పారాబోలా అనే ప్రత్యేకమైన వంపు మీద పడ్డప్పుడే అవన్నీ ఒకే చోటికి చేరతాయి. ఆ చోటునే ఫోకస్ అంటారు. బంతిని సగానికి కోసినట్టుండే గుండ్రటి గిన్నెలో అంచుల దగ్గర పడిన కిరణాలు దారి తప్పుతాయి. వేడి చెదిరిపోతుంది.

ఫోకస్ ఎక్కడ వస్తుందో తెలుసుకోవడానికి చిన్న లెక్క ఉంది. డిష్ వ్యాసాన్ని అదే వ్యాసంతో గుణించాలి. వచ్చినదాన్ని లోతుకు 16 రెట్లతో భాగించాలి. ఉదాహరణకు 120 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు ఉన్న డిష్ తీసుకుందాం. 14,400ను 320తో భాగిస్తే 45. అంటే ఫోకస్ డిష్ అడుగు నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో, అంచుకంటే 25 సెంటీమీటర్లు పైన, గాల్లో ఉంటుంది. అటుగా వచ్చిన పిల్లల చెయ్యి, మొహం సరిగ్గా అక్కడికే వెళ్లే ప్రమాదం ఉంది.

అదే డిష్ లోతు 30 సెంటీమీటర్లు ఉంటే ఫోకస్ కూడా 30 దగ్గరే వస్తుంది. అంటే అంచుతో సమానంగా. లోతు ఇంకాస్త పెరిగితే ఫోకస్ గిన్నె లోపలికే దిగిపోతుంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే.. లోతు వెడల్పులో నాలుగో వంతుకు తగ్గకూడదు. ఎస్కే-14 పేరుతో ప్రపంచమంతా వాడుతున్న 140 సెంటీమీటర్ల కుక్కర్‌లో ఫోకస్ 28 సెంటీమీటర్ల దగ్గరే, అంచుకంటే బాగా లోపల ఉంటుంది. వంటవాళ్ల కళ్ల భద్రత కోసమే ఈ డిజైన్.

డీటీహెచ్ డిష్ పనికొస్తుందా?

ఇళ్లపై కనిపించే చిన్న డీటీహెచ్ డిష్ ఒక పెద్ద పారాబోలాలోంచి పక్కకు కోసిన ముక్క లాంటిది. దాని ఫోకస్ మధ్యలో ఉండదు, ముందు కడ్డీకి బిగించే ఎల్‌ఎన్‌బీ దగ్గర ఉంటుంది. పైగా వెడల్పు తక్కువ. టీ నీళ్లు కాచుకోవచ్చేమో గానీ ఇంటిల్లిపాదికీ వంట కాదు. ఒకప్పుడు కేబుల్ ఆపరేటర్లు వాడిన పెద్ద గుండ్రటి డిష్‌ల వంపు సరిగ్గానే ఉంటుంది. కాకపోతే అవి లోతు తక్కువగా, ఫోకస్ చాలా ఎత్తులో ఉండేలా చేసినవి. వంటకు అంత సేఫ్ కాదు. అందుకే కొత్తగా చేసుకోవడమే మేలు.

120 సెంటీమీటర్ల డిష్ తయారీ ఇలా..

1. ముందుగా ప్లైవుడ్ మీద వంపు గీసుకోవాలి. మధ్య బిందువు నుంచి దూరాన్ని అదే దూరంతో గుణించి 120తో భాగిస్తే అక్కడ ఎంత ఎత్తు రావాలో తెలుస్తుంది. 10 సెంటీమీటర్ల దూరంలో ఎత్తు 0.8, 20 దగ్గర 3.3, 30 దగ్గర 7.5, 40 దగ్గర 13.3, 50 దగ్గర 20.8, 60 దగ్గర 30 సెంటీమీటర్లు. ఈ చుక్కలు కలిపి కోస్తే అచ్చు రెడీ.

2. వెల్డింగ్ షాపులో ఈ అచ్చు చూపించి 12 ఇనుప కడ్డీలు వంచించుకోవాలి. ఒక్కో కడ్డీ దాదాపు 69 సెంటీమీటర్లు ఉండాలి. వాటిని మధ్యలో కలిపి, పైన అంచుకు, నడుమకు రింగులు వేయించాలి.

3. కడ్డీల మధ్య రేకు ముక్కలు రెక్కల్లా బిగించాలి. వాటి మీద 5 నుంచి 8 సెంటీమీటర్ల అద్దం ముక్కలను సిలికాన్ గమ్‌తో అతికించాలి. ఈ పని మొత్తం నీడలోనే చేయాలి. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ముడతలు పడి, దుమ్ము పట్టి త్వరగా మెరుపు పోగొట్టుకుంటుంది.

4. గిన్నె పెట్టే స్టాండ్ డిష్ అడుగు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. డిష్ వంగే ఇరుసు సరిగ్గా ఆ ఎత్తులోంచే పోవాలి. అప్పుడే డిష్‌ను ఎటు తిప్పినా గిన్నె ఒలకకుండా నిలకడగా ఉంటుంది.

5. అంచు రింగుకు ఒక మేకును నిటారుగా వెల్డింగ్ చేయించాలి. మేకు నీడ మాయమైతే డిష్ సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టు. దీంతో సూర్యుడివైపు చూడాల్సిన అవసరమే ఉండదు.

చదును అద్దాలు వాడితే వెలుగు ఒక చుక్కలా కాకుండా ముక్క సైజంత మచ్చలా పడుతుంది. వంటకు అదే మంచిది. గిన్నె అడుగంతా సమంగా వేడెక్కుతుంది, ఒక్కచోట మాడదు. గిన్నె మాత్రం నల్లగా ఉండాలి. తళతళలాడే స్టీలు గిన్నె వెలుగును తిప్పికొడుతుంది. కట్టెల పొయ్యి మీద మసి పట్టిన పాత గిన్నె అయితే ఇక్కడ భేషుగ్గా పనికొస్తుంది.

ఎంత వేడి వస్తుంది? అసలు లెక్క ఇదీ!

వీడియోల్లో ఎవరూ చెప్పని విషయం ఇదే. డిష్ ఇచ్చే శక్తి దాని వెడల్పును బట్టే ఉంటుంది. మెరుపు ఎంత ఉన్నా, పడిన ఎండకంటే ఎక్కువ రాదు. 120 సెంటీమీటర్ల డిష్‌పై ఎండ పడే వైశాల్యం 1.13 చదరపు మీటర్లు. మబ్బు లేని రోజున చదరపు మీటరుకు 800 వాట్ల నేరు ఎండ పడిందనుకుంటే మొత్తం 900 వాట్లు. అద్దాలు మింగేది, గాలికి పోయేది, గురి తప్పేది తీసేస్తే గిన్నెకు చేరేది సగం, అంటే సుమారు 450 వాట్లు.

దీంతో 30 డిగ్రీల వేడి ఉన్న 2 లీటర్ల నీళ్లు మరగడానికి దాదాపు 22 నిమిషాలు పడుతుంది. అన్నం, పప్పు, ఉడకబెట్టిన శనక్కాయలకు ఇది సరిపోతుంది. రాగి సంగటి చేయాలంటే మాత్రం ఎసరు వరకు డిష్ మీద కాచుకుని, కెలికే పని గిన్నె దించాకే చేయాలి.

మరి గ్యాస్ ఎంత ఆదా? 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది. స్టవ్ మీద గిన్నెకు చేరేది అందులో 110 యూనిట్ల దాకా అనుకోవచ్చు. అంత వేడి ఈ డిష్ ఇవ్వాలంటే దాదాపు 245 గంటలు పనిచేయాలి. రోజుకు 2 గంటలు వాడితే 4 నెలల ఎండకు ఒక సిలిండర్ మిగిలినట్టు. గ్యాస్ కనెక్షన్ ఉన్న ఇంటికి ఇది చిన్న ఆదాయే. కానీ రోజూ కంపకట్టెలు కొట్టి తెచ్చుకుని, పొగలో నీళ్లు కాచుకునే ఇంటికి మాత్రం పెద్ద ఊరటే.

ఇక పసిడిపురిగా పేరున్న ప్రొద్దుటూరులో వచ్చే ప్రశ్న.. దీంతో బంగారం కరుగుతుందా? బంగారం కరగాలంటే 1,064 డిగ్రీలు కావాలి. చదును అద్దాల ఇంటి డిష్ నుంచి అది ఆశించకూడదు. ఫ్రాన్స్‌లోని ఓడేయో సోలార్ ఫర్నేస్‌లో 3 వేల డిగ్రీలు దాటుతుంది. కానీ అక్కడ అద్దాల గోడే పెద్ద భవనమంత ఉంటుంది.

సోలార్ ప్యానెల్‌కు, దీనికి తేడా ఏంటి?

జమ్మలమడుగు దగ్గర మైలవరం మండలాన్ని సోలార్ పార్క్ కోసం ఎంచుకున్న సంగతి తెలిసిందే. 2017లో కడప సోలార్ పార్క్ వేలంలో యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగడం అప్పట్లో దేశవ్యాప్తంగా చర్చ అయింది. అవి ప్యానెళ్లు. పలచటి మబ్బు ఉన్నా, దుమ్ము కమ్మినా కొంత కరెంటు ఇస్తాయి. ఎవరూ దగ్గర ఉండక్కర్లేదు. అద్దాల డిష్‌కు నేరుగా పడే ఎండే కావాలి. మబ్బు అడ్డొస్తే వంట ఆగినట్టే. అయితే అంతే వైశాల్యమున్న ప్యానెల్ ఇచ్చే కరెంటుకు దాదాపు రెట్టింపు వేడి డిష్ ఇస్తుంది. అదీ కరెంటు వైర్లు, ఇన్వర్టర్ గోల లేకుండా.

డిష్‌ను మాత్రం సూర్యుడి వెంట తిప్పుతూనే ఉండాలి. సూర్యుడు 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతాడు. అందుకే 15 నుంచి 20 నిమిషాలకోసారి సరిచేయాలి. మన ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఏప్రిల్ నెలాఖరులో, మళ్లీ ఆగస్టు మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య నెలల్లో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబర్‌లో 38 డిగ్రీల దాకా దక్షిణానికి వాలతాడు. స్టాండ్ చేయించేటప్పుడే రెండు వైపులా వంగేలా చూసుకోవాలి.

ఈ తప్పులు అస్సలు చేయొద్దు!

2013లో లండన్‌లో ఒక ఎత్తైన భవనం గాజు గోడ వంపుగా ఉండటంతో దాని నుంచి వచ్చిన వెలుగుకు కింద పార్క్ చేసిన కారు భాగాలు కరిగిపోయాయి. ఆ గోడ ఎండను పోగేయడానికి కట్టింది కాదు. కావాలని ఎండను పోగేసే డిష్ విషయంలో ఎంత జాగ్రత్త కావాలో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

* ఫోకస్‌లోకి, అక్కడ మెరిసే గిన్నె వైపు ఉత్త కళ్లతో చూడొద్దు. వెల్డింగ్ అద్దాలు పెట్టుకోవాల్సిందే. మామూలు కూలింగ్ గ్లాసులు చాలవు. కంటి రెటీనా కాలినా నొప్పి తెలియదు.
* గిన్నె పెట్టేటప్పుడు, దించేటప్పుడు, డిష్‌ను జరిపేటప్పుడు దానిపై గోనెపట్టా కప్పాలి. లేదా సూర్యుడికి పక్కగా తిప్పాలి.
* పని అయ్యాక బోర్లించి పెట్టాలి. మిద్దె మీద అలాగే వదిలేస్తే సూర్యుడు తిరిగేకొద్దీ ఫోకస్ తలుపు మీదో, ఆరేసిన బట్టల మీదో, పక్కింటి గడ్డివామి మీదో పడొచ్చు.
* మూత బిగించిన డబ్బాలు, సీసాలు పెట్టొద్దు. పేలతాయి. సేఫ్టీ వాల్వ్ బాగున్న ప్రెషర్ కుక్కర్ అయితే పర్వాలేదు.
* నూనె వేపుళ్లు వద్దు. మంట తగ్గించే అవకాశం ఇక్కడ లేదు. పొగ మొదలైతే అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.
* ఈదురుగాలికి డిష్ తెరచాపలా లేస్తుంది. స్టాండ్‌కు ఇసుక మూటలు కట్టాలి.
* చిన్నపిల్లలు ఉంటే పెద్దవాళ్లు ఒకరు దగ్గరే ఉండాలి.

మొదటిసారి పరీక్షించేటప్పుడు అద్దాలన్నింటిపై గుడ్డ కప్పి, ఒక్కో రెక్కా తెరుస్తూ వెలుగు గిన్నె మీదే పడుతోందా లేదా చూసుకోవడం మంచిది. ప్రొద్దుటూరులో యోగి వేమన యూనివర్సిటీ వైఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నాయి. అచ్చు గీయడంలో, వంపు సరిచూడటంలో మెకానికల్ విద్యార్థుల సాయం తీసుకుంటే అద్దాలు అతికించాక విప్పే పని తప్పుతుంది.

మొత్తంగా చెప్పాలంటే ఈ డిష్ గ్యాస్ స్టవ్‌ను ఇంట్లోంచి పంపించేది కాదు. పొద్దున్నే టిఫిన్‌కు, రాత్రి భోజనానికి అది ఉండాల్సిందే. కానీ పగటిపూట వేడినీళ్లు, పప్పు, అన్నం వరకు పైసా ఖర్చు లేని పొయ్యి ఇది. లోతు నాలుగో వంతుకు తగ్గకుండా చేసుకుని, వాడనప్పుడు బోర్లించే అలవాటు ఉన్న ఇంటికి మాత్రమే!