కిక్కాఫ్ వేళ కాలయాపన: రిఫరీ విధించు శిక్ష

ఫుట్‌బాల్ ఆటను రేడియోలో వినువారికి ఒక చిక్కు కలదు. గోలు పడినదని వ్యాఖ్యాత కేకవేయును, జనఘోష మిన్నుముట్టును, పిదప ఒక నిమిషము పాటు మైదానములో ఏమి జరుగుచున్నదో తెలియదు. "ఆట తిరిగి ఆరంభమగుటలో జాప్యము జరిగినది, రిఫరీ హెచ్చరించినాడు" అను ఒక్క మాట మాత్రము వినవచ్చును. జాప్యము చేసినవారెవరు? పోయిన నిమిషము ఎవరి లెక్కలో పడినది? గ్యాలరీలో కూర్చున్నవానికి కన్నులున్నవి. గుడిమల్కాపూరు పూలబజారులో మాల కట్టుచు చెవి మాత్రమే రేడియోకు అప్పగించినవానికి ఆ నిమిషము మిక్కిలి దీర్ఘమైనది. ఆ నిమిషమును గూర్చియే మేమిచట ముచ్చటింపదలచితిమి.

కిక్కాఫ్ అనగా మైదానము నడుమనున్న చుక్కపై బంతిని నిలిపి తన్నుట. ఆట మొదటను, విరామానంతరము రెండవ సగము మొదటను, గోలు పడిన ప్రతి పర్యాయమును ఇది జరుగును. గోలు పడినప్పుడు తన్ను హక్కు గోలు తిన్న జట్టుది. తన్నువాడు తప్ప తక్కినవారందరు తమ తమ సగములో నుండవలెను. ఎదుటి జట్టువారు బంతికి 9.15 మీటర్ల ఎడముగా నిలువవలెను. బంతి కదలరాదు. రిఫరీ సంజ్ఞ చేసిన పిమ్మటనే తన్నవలెను. పూర్వము బంతి ముందునకే పోవలెనను నియమముండెడిది. 2016 నుండి ఏ దిక్కునకైనను తన్నవచ్చును.

ఈ నియమములను అతిక్రమించినచో శిక్ష యేమి? వినువారికి ఆశ్చర్యము కలుగవచ్చును గాని, సాధారణముగా శిక్షయే లేదు. తిరిగి తన్నుమందురు, అంతే. తన్నినవాడే, మరియొకరు ముట్టకముందు, బంతిని రెండవసారి తాకినచో మాత్రము ఎదుటివారికి పరోక్షపు ఫ్రీకిక్కు లభించును. కనుక కాలము గడపదలచిన జిత్తులమారికి ఇందులో ఒక సందు కనబడును. గీత దాటి ముందే ఉరికినచో కిక్కాఫ్ మరల జరుగును. మరల ఉరికినచో మరల జరుగును. గడియారము మాత్రము ఆగదు. ఈ సందును మూయుటకే నిబంధనలలో వేరొకచోట ఒక చిన్న వాక్యమున్నది. ఆటను తిరిగి ఆరంభించుటలో జాప్యము చేయువానిని హెచ్చరింపవలెనని దాని భావము. హెచ్చరిక యనగా పసుపు కార్డు. ఒకే ఆటలో ఒకనికి రెండవ పసుపు కార్డు పడినచో ఎర్రకార్డుతో బయటకు నడువవలసినదే.

ఇచట గమనింపదగిన సంగతి యేమనగా, జాప్యమున్నంత మాత్రమున నేరము లేదు. కాలిజోడు తాడు ముడి వీడినవాడును, దెబ్బ తగిలి పడినవాడును జాప్యమునకు కారకులే. వారిని రిఫరీ శిక్షింపడు. బుద్ధిపూర్వకముగా సాగదీయువానినే శిక్షించును. ఆ బుద్ధిని కనుగొనుటయే అతని విద్య.

ఒక స్థితి చూడుడు. ఒక జట్టు రెండు గోళ్ల ముందంజలో నున్నది. ఆట ముగియుటకు ఐదు నిమిషములున్నవి. వెనుకబడిన జట్టు ఒక గోలు కొట్టినది. ఇప్పుడు తన్ను హక్కు ఎవరిది? గోలు తిన్నవారిది; అనగా ఇంకను ఒక గోలు ముందున్నవారిది! తొందరపడవలసిన అగత్యము ఏ కోశమునను లేనివారి చేతిలోనే బంతి పడినది. గోల్ కీపరు వలలోని బంతిని తీసి బిడ్డను ఎత్తుకొన్నట్లు రొమ్మున హత్తుకొనును. గోలు కొట్టినవారు దానిని లాగికొని నడిచుక్కకు పరుగెత్తవలెనని చూతురు. పెనుగులాట రేగును. రేడియోలో మనకు వినబడు కోలాహలము చాలవరకు ఇదియే.

రిఫరీ ఏమి చేయును? మొదట చేతితో త్వరపెట్టును. వినకున్నచో తన గడియారమును చూపును. అప్పటికిని వినకున్నచో జేబులో చేయి పెట్టును. బంతిని విడువని కీపరుది జాప్యము. అయితే, ఆట ఆగియున్నప్పుడు కావలెనని బంతిని ముట్టి కలహము రేపుటయు జాప్యమే యని నిబంధన చెప్పుచున్నది. ఇట్లు తొందరపడినవాడు సైతము కాలయాపన దోషమున పసుపు కార్డు పొందుట కలదు. న్యాయము తన పక్షమున నున్నదని నమ్మి కార్డు తిన్నవాని ముఖమును రేడియో చూపజాలదు. అది ఒక లోపమే!

ఎన్ని సెకన్లు దాటినచో జాప్యమగునని కిక్కాఫ్ విషయమున అంకె లేదు. గోల్ కీపరు బంతిని చేత పట్టుకొని 8 సెకన్లు మించినచో ఎదుటి జట్టునకు కార్నర్ కిక్కు ఇయ్యవలెనని 2025 జూలై నుండి నియమము వచ్చినది. చివరి ఐదు సెకన్లను రిఫరీ చేయెత్తి వ్రేళ్లతో లెక్కించును. ఇట్టి లెక్క కిక్కాఫునకు ఎందుకు లేదని అడుగవచ్చును. మా ఉద్దేశమున లేకుండుటయే మంచిది. కీపరు ఒక్కడు, కిక్కాఫునకు ఇరువది యిద్దరు తమ తమ చోట్లకు చేరవలెను. ఒకడు నెమ్మదిగా నడచినందులకు మరియొకడు శిక్ష పొందుట తగదు.

కార్డులు 1970 మెక్సికో ప్రపంచ కప్పు పోటీలతో ఆరంభమైనవి. అంతకు ముందు హెచ్చరిక నోటిమాట. రిఫరీ చిట్టాలో ఒక పేరు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆడినది ఆ నోటిమాట కాలముననే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారతదేశమును నాలుగవ స్థానమునకును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకమునకును చేర్చెను. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోము ఒలింపిక్ జట్టులో సభ్యుడు. తరువాత తానే అంతర్జాతీయ రిఫరీయై 1988 ఆసియా కప్పు పోటీలలో ఈల పట్టెను. 2021లో కీర్తిశేషుడయ్యెను. తండ్రి ఆటగాండ్రను దిద్దగా కొడుకు ఆటగాండ్రకు తీర్పు చెప్పిన ఇల్లు మన నగరమున నుండుట తలచుకొనదగినది.

కార్డు చూపినంతనే పోయిన కాలము తిరిగి రాదు. దానికి వేరు లెక్క. గాయములకు, ఆటగాండ్ర మార్పునకు, గోలు సంబరములకు, కాలయాపనకు పోయిన సమయమును రిఫరీ ప్రతి సగము చివర కలుపవలెను. 2022 కతార్ ప్రపంచ కప్పులో ఈ లెక్కను గట్టిగా పాటించిరి. ఇంగ్లండు, ఇరాన్ ఆటలో ఇరాన్ కీపరు తలకు దెబ్బ తగిలినందున మొదటి సగమునకే 14 నిమిషములు కలిపిరి. మన దేశపు పోటీలలో చాలకాలము ఆట 70 నిమిషములే. అట్టి ఆటలో దొంగిలింపబడిన నిమిషము విలువ మరింత హెచ్చు.

అమెరికాలోని మన తెలుగు కుటుంబముల పిల్లలు ఫుట్‌బాల్ అని చెప్పునది వేరొక ఆట. అందులో బంతిని చేత పట్టి పరుగెత్తుదురు. అచట కిక్కాఫ్ జాప్యమునకు శిక్ష అంకెలతోనే కొలువబడును. బంతి సిద్ధమని అధికారి ఈల వేసిన పిమ్మట 25 సెకన్లలో తన్నవలెను. మించినచో పసుపు గుడ్డ విసరి, తన్నుచోటును 5 గజములు వెనుకకు జరుపుదురు. వ్యక్తికి హెచ్చరిక లేదు. జట్టు నేలను కోల్పోవును. ఉద్దేశమును వెదకు పని లేనందున అధికారికి శ్రమ తక్కువ. మన ఆట మనసును వెదకును, వారి ఆట గడియారమును చూచును.

రిఫరీ చేతికి అందని జాప్యము మరియొకటి కలదు. విరామము 15 నిమిషములు మించరాదు. జట్టు జట్టంతయు దుస్తుల గదినుండి ఆలస్యముగా వచ్చినచో పదునొకండుగురకు కార్డులు చూపుట పొసగునా? ఆ పని పోటీ నిర్వాహకులు చూచుకొందురు. ఇంగ్లండు ప్రీమియర్ లీగు 2024లో మాంచెస్టర్ సిటీ జట్టుపై 20 లక్షల 90 వేల పౌండ్ల జరిమానా వేసెను. రెండు సీజన్లలో 22 పర్యాయములు కిక్కాఫునకో, విరామానంతరపు ఆరంభమునకో ఆలస్యముగా వచ్చినందులకు ఈ శిక్ష. జట్టు తప్పొప్పుకొని క్షమాపణ చెప్పినది. ప్రసారములు నిర్ణీత వేళకు సాగవలెననుట ఆ నియమమునకు లీగు చూపిన కారణములలో ఒకటి. వార్తల వేళకు ఆట ముగియక గడియారము చూచుకొను రేడియో ఉద్యోగులకు ఈ కారణము బాగుగ తెలియును.

ఇక ప్రతి సగము చివర నాలుగవ అధికారి పలకపై ఎత్తి చూపు అంకెను వ్యాఖ్యాత చదువును. అది కనీసపు అంకె. దానిని రిఫరీ పెంచవచ్చును గాని తగ్గింపరాదు. ఆ అదనపు నిమిషములలో ఎవడైన మరల సాగదీసినచో ఆ కాలమును కూడ అతడు కలుపును. నాలుగు నిమిషములని విని రేడియో కట్టివేసినవారికి ఐదవ నిమిషములో పడిన గోలు మరునాటి పత్రికలోనే తెలియును.