ఈతకొలనుకి చలికాలం తాళం

మా చెల్లెలు న్యూజెర్సీలో ఇల్లు కొన్నప్పుడు "పెరట్లో ఈతకొలను కూడా ఉందే అక్కా" అని ఫోనులో చెబితే, వీధి వీధంతా తిరిగి చెప్పుకున్నాను. సినిమాల్లో తప్ప చూడని వైభోగం మరి! ఆ వైభోగం వెనక ఎంత చాకిరీ ఉందో కిందటి అక్టోబరులో వాళ్ళింటికి వెళ్తే గానీ తెలిసిరాలేదు.

వెళ్ళిన మూడోరోజే "ఈ వారం కొలను మూసెయ్యాలక్కా" అంది.

"దానికేముందే, నీళ్ళన్నీ తోడేస్తే సరి!" అన్నాను, మన పెరటి తొట్టి గుర్తొచ్చి.

చెల్లెలు నవ్వింది. భూమిలోకి కట్టిన కొలనుని ఖాళీగా వదిలెయ్యకూడదట. చుట్టుపక్కల నేలలో ఊరిన నీటి ఒత్తిడికి ఖాళీ కొలను పైకి లేచిపోవచ్చు, గోడలు బీటలివ్వచ్చు. అందుకని నీళ్ళు ఉంచాలి. ఉంచితేనేమో చలికి గడ్డకడతాయి. అదీ చిక్కు!

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందని స్కూల్లో చదువుకున్నాం, పరీక్ష రాసి మరిచిపోయాం. కొలనులో పైపైన మంచు కట్టినా ఉబ్బడానికి చోటుంటుంది. గొట్టంలో నిలిచిన నీటికి చోటేదీ? గొట్టాన్నే చీల్చేస్తుంది. అంతకు ముందటేడు వీళ్ళకి అదే జరిగింది. పిలిపించిన పనివాడు పైపైన కానిచ్చి పోయాడు. మే నెలలో మోటారు వేస్తే నీళ్ళు నేలలోకి ఇంకిపోతున్నాయి. సిమెంటు పగలగొట్టి గొట్టం మార్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చిందట. ఈసారి మా మరిది ఆఫీసు పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు. "మనమే చేద్దాం, నాకు పద్ధతంతా వచ్చు" అని చెంగు దోపినంత పని చేసింది చెల్లెలు.

ముందు మందులు, తర్వాత గొట్టాలు

నీళ్ళు 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో 15, 16 డిగ్రీలకి చల్లబడ్డాక మూస్తే మంచిది. వెచ్చగా ఉన్నప్పుడే మూస్తే లోపల పాచి పెరిగి, వేసవికి పచ్చటి చెరువు దర్శనమిస్తుంది.

అడుగునున్న ఆకులూ మట్టీ వలతో, బ్రష్షుతో శుభ్రం చేశాం. నీటి పి.హెచ్. 7.2కీ 7.6కీ మధ్య ఉండేలా చూసి, క్లోరిన్, పాచి మందు కలిపింది. ఇక్కడ మాత్రం చెల్లెలు నన్ను గట్టిగా హెచ్చరించింది. పొడిమీద నీళ్ళు పొయ్యకూడదు, నీళ్ళలోనే పొడి వెయ్యాలి. క్లోరిన్‌నీ యాసిడ్‌నీ పొరపాటున కూడా కలపకూడదు, విషవాయువు పుడుతుంది. బాత్రూములు కడిగే మనకీ పనికొచ్చే మాటే ఇది.

కొలను గోడకి పైన ఆకుల్నీ చెత్తనీ లాక్కునే నోరుంటుంది. దాన్ని స్కిమ్మర్ అంటారు. నీటిమట్టం ఆ నోటికి కాస్త కిందికి దించాం. అద్దెకు తెచ్చిన కంప్రెసర్‌తో గొట్టాల్లోకి గాలి కొడుతుంటే, రెండో చివర నీళ్ళలో బుడబుడమని బుడగలొచ్చాయి. బుడగలు వస్తుండగానే రబ్బరు బిరడా బిగించెయ్యాలి. ఆ చల్లటి నీళ్ళలో భుజం దాకా చెయ్యి పెట్టి బిగించింది నేనే! మోటారు, ఫిల్టరు, హీటరులో ఉన్న నీళ్ళు కూడా చుక్క లేకుండా వదిలేశాం. గొట్టాల్లో గడ్డకట్టకుండా పోసే మందు కొలనులకి వేరే ఉంటుంది. కార్లలో పోసేది విషం, అది వాడకూడదు.

చివరికి నిచ్చెన తీసేసి, కొలను మీద పెద్ద టార్పాలిన్ పరిచి, అంచుల వెంట నీళ్ళ సంచులు బరువు పెట్టాం. పని అయిపోయిందని ఇద్దరం కాళ్ళు చాపుకుని కాఫీ తాగాం.

ఇటుక మరిచిపోయాం

ఆ రాత్రి పెద్ద వాన. పొద్దున్నే వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, టార్పాలిన్ మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. మధ్యలో ఎర్రబంతి తేలుతోంది. అంచున మా నాలుగేళ్ళ బుజ్జిగాడు, ఒక కాలు అప్పుడే గుడ్డమీద వేశాడు!

ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. వాడి స్వెట్టరు పట్టి వెనక్కి లాగాను. "పెద్దమ్మా, నా బంతీ!" అని వాడు ఏడుపు. నాకేమో కాళ్ళూ చేతులూ వణుకు.

కొలను చుట్టూ కంచె ఉంది. దానంతటదే మూసుకుని గడియపడే గేటూ ఉంది. కానీ కంప్రెసర్ గొట్టం లాగడానికని ఆ గేటుకి ఇటుక అడ్డం పెట్టింది మేమే. పనయ్యాక తియ్యడం మరిచిందీ మేమే. ఏ పనివాణ్ణీ అనడానికి లేదు.

ఉత్త టార్పాలిన్ నీటిని కప్పుతుందే గానీ మనిషిని మొయ్యదు. పైన రెండు మూడు అంగుళాల నీళ్ళు నిలిచినా పసిపిల్లలకి ప్రాణాపాయమే. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లల మరణాలకి మొదటి కారణం నీటిలో మునగడమేనని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. వేసవిలో అయితే అందరి కళ్ళూ కొలనుమీదే ఉంటాయి. మూసేశాం కదా అనుకున్నాకే ఏమరుపాటు వస్తుంది.

చెల్లెలు మారుమాట్లాడలేదు. ఇటుక తీసి అవతల పారేసింది. చిన్న మోటారు పెట్టి పైనున్న నీళ్ళు తోడించింది. ఆ వారంలోనే, చుట్టూ నేలకి బిగించే పట్టీలతో మనిషి బరువు ఆపే గట్టి కవరు తెప్పించింది. ఖరీదెక్కువే. "గొట్టం పగిలితే అతికించుకోవచ్చక్కా" అని మాత్రం అంది.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? మా వాకిట్లో నీళ్ళ సంపు మూతకి తాళం వేయించాను. పన్నెండేళ్ళుగా దానిమీద రేకుముక్క ఒకటి పడేసి ఉంచుకున్నాం. మీ ఇంట్లోనూ సంపు ఉండే ఉంటుంది. దానిమీద ఏముందో ఒక్కసారి వెళ్ళి చూసి రండి.