సూట్‌కేసు తెరిస్తే ఫ్యాక్టరీ వస్తుందా?

సినిమాలో కంపెనీ కొనడం ఎంత తేలికో! విలన్‌గారు సూట్‌కేసు తెరుస్తారు. ముసలి యజమాని వణికే చేత్తో సంతకం పెడతాడు. సీను మారేసరికి గేటు మీద బోర్డూ మారిపోతుంది.

అసలు బేరం అలా సాగదు. నమ్మకపోతే పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్ళే బస్సెక్కి, గోదావరి వంతెనకి ఇవతలే సారపాకలో దిగండి. నేను ఆ దారిన వెళ్ళినప్పుడల్లా కర్ర లారీలనే చూస్తాను. సుబాబులు, జామాయిలు... అన్నీ రైతుల పొలాల్లో పెరిగినవే. అక్కడి కాగితం మిల్లుకి అదే తిండి.

ఈ మిల్లు కథ సిగరెట్టుతో మొదలైంది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకోగా పుట్టిన ఐ.టి.సి.కి ఒక్క పొగాకునే నమ్ముకుని ఉండాలని లేదు. 1975లో మద్రాసులో ఓ హోటలు కొని, 'చోళా' అని పేరు మార్చి, హోటళ్ళ వ్యాపారంలో దిగింది. సిగరెట్టుకి పెట్టె కావాలి, పెట్టెకి అట్ట కావాలి కదా! 1979లో భద్రాచలం పేపర్ బోర్డ్స్ పెట్టింది. 1990లో బెంగాల్లోని త్రిబేణీ టిష్యూస్‌ని కొన్నది. సిగరెట్టు చుట్టే పల్చటి కాగితం అక్కడ తయారయ్యేది. 2002లో భద్రాచలం కంపెనీ తల్లి కంపెనీలో కలిసిపోయింది. 2004లో కోయంబత్తూరు దగ్గర బిల్ట్ ఇండస్ట్రియల్ ప్యాకేజింగ్ వారి అట్ట మిల్లునీ కొనేసింది.

ఇలాంటి బేరాల్లో ధర ఆఖరి మాట. షేర్లన్నీ కొంటే కంపెనీతో పాటు దాని అప్పులూ, కోర్టు కేసులూ కొన్నవాడి నెత్తికెక్కుతాయి. మిల్లు మాత్రమే కొంటే ఏ బాకీ ఎవరిదో ముందే తేల్చి రాసుకోవచ్చు. అందుకే తెలివైనవాడు మొదట లెక్కల పుస్తకాలు అడుగుతాడు. తర్వాత ముడిసరుకు ఎక్కడ్నించి, నీళ్ళు ఎన్నాళ్ళు, పనివాళ్ళ పాత సర్వీసు కొనసాగుతుందా అని ఆరా తీస్తాడు.

ఈ ప్రశ్నలకి సరైన జవాబు లేని మిల్లుని ఎవరూ ముట్టుకోరు. దూరం పోనక్కర్లేదు, ఇదే గోదావరి తీరాన మంగపేట దగ్గర కమలాపురం ఉంది. అక్కడి రేయాన్ గుజ్జు మిల్లు కూడా బిల్ట్ వారిదే. గుజ్జుకి గిరాకీ పడిపోయి 2014లో ఉత్పత్తి ఆగింది. కోయంబత్తూరు మిల్లుకి కొనేవాడు దొరికాడు, కమలాపురం కార్మికులకి ఎదురుచూపులు మిగిలాయి.

బల్లకి ఓ పక్క కొనేవాడు, మరో పక్క అమ్మేవాడు కూర్చుంటారు. నాలుగేళ్ళ తర్వాత కోతకొచ్చే జామాయిలు వేసిన రైతుకీ, నెల జీతం మీద ఇల్లు నడిపే కార్మికుడికీ అక్కడ కుర్చీ ఉండదు. సంతకం అటో ఇటో అయితే ముందు దెబ్బ తినేది వాళ్ళే!

మన కథారచయితలకి ఓ మనవి. ఈసారి బేరం సీను రాసేటప్పుడు సూట్‌కేసు పక్కన జీతాల రిజిస్టరు కూడా పెట్టించండి. విలన్‌గారికి చెమటలు పట్టకపోతే అడగండి!