లోపల సున్నా, బయట లక్ష

ఇంట్లో సర్వర్ పెట్టుకుని ప్రాక్స్‌మాక్స్ నడిపేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇది. సినిమాలున్న ఫోల్డర్‌ను అన్‌ప్రివిలేజ్డ్ కంటెయినర్‌లోకి మౌంట్ చేస్తారు. లోపలికెళ్లి చూస్తే ఫైళ్లన్నింటికీ ఓనర్ 'నోబడీ'. రూట్‌గా ఉండి, ఓనర్‌ను మార్చే చౌన్ కమాండ్ కొట్టినా పర్మిషన్ లేదంటుంది. రూట్‌కే పర్మిషన్ లేకపోవడమేమిటని విసుగొస్తుంది. నిజానికి ఇక్కడ ఏదీ చెడిపోలేదు. కాపలా సరిగ్గా పనిచేస్తోంది.

లినక్స్ కెర్నెల్ ఫైలు ఓనర్‌ను పేరుతో కాదు, నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. రూట్ అంటే సున్నా. 2013లో వచ్చిన 3.8 కెర్నెల్‌తో యూజర్ నేమ్‌స్పేస్ అనే ఏర్పాటు ఒక రూపానికి వచ్చింది. దానివల్ల ఒకే ప్రాసెస్‌కు లోపల ఒక నంబరు, బయట మరో నంబరు ఉండొచ్చు. అన్‌ప్రివిలేజ్డ్ కంటెయినర్లకు ప్రాక్స్‌మాక్స్ మామూలుగా లక్ష కలుపుతుంది. లోపలి 0 బయట 100000, లోపలి 1000 బయట 101000. ఇలా మొత్తం 65536 నంబర్లు, అంటే 165535 దాకా. లోపల రూట్‌గా నడిచే ప్రోగ్రాం ఏదైనా కంటెయినర్ దాటి బయటపడ్డా, బయటి హోస్ట్ దృష్టిలో అది ఏ అధికారమూ లేని ఒక యూజరే. ఇంత గట్టి రక్షణ ఉచితంగా దొరుకుతుంటే వదులుకోకూడదు.

ఇక మన ఫోల్డర్ సంగతి. హోస్ట్‌లో దాని ఓనర్ 1000. ఆ నంబరు 100000, 165535 మధ్య లేదు. లోపల దానికి సరిజోడు దొరక్క కెర్నెల్ 65534 అని, అంటే నోబడీ అని చూపిస్తుంది. లోపలి రూట్ పెత్తనం ఈ జతల పట్టికలో, అంటే మ్యాప్‌లో ఉన్న నంబర్ల వరకే.

విసిగిపోయి ఫోల్డర్‌కు 777 పర్మిషన్ ఇచ్చేస్తారు, లేదా కంటెయినర్‌నే ప్రివిలేజ్డ్‌గా మార్చేస్తారు. దయచేసి రెండూ వద్దు. మొదటిది ఆ ఫోల్డర్‌లో ఎవరు పడితే వాళ్లు రాసేలా చేస్తుంది. రెండోది లోపలి సున్నాను బయటి సున్నా చేసేస్తుంది.

ఫోల్డర్‌ను ఒక్క కంటెయినరే వాడుతుంటే హోస్ట్‌లో ఓనర్‌ను 101000కి మార్చండి, సరిపోతుంది. హోస్ట్‌లోని యూజర్ కూడా వాడాలంటే, లోపలి 1000 బయట కూడా 1000 అయ్యేలా మ్యాప్‌ను మూడు ముక్కలు చేయాలి. కంటెయినర్ కాన్ఫిగ్‌లో ప్రతి లైనుకూ లోపలి నంబరు, బయటి నంబరు, ఎన్ని అన్న లెక్క ఇవ్వాలి. మొదటి లైను 0, 100000, 1000. రెండోది 1000, 1000, 1. మూడోది 1001, 101001, 64535. మూడు లైన్లలోని చివరి సంఖ్యలు కూడితే 65536 రావాలి. గ్రూపులకూ ఇలాగే. ఆపైన హోస్ట్‌లోని సబ్‌యూఐడీ, సబ్‌జీఐడీ ఫైళ్లలో 1000 అనే ఆ ఒక్క నంబరును వాడుకునే హక్కు రూట్‌కు రాసివ్వాలి. అది మరిస్తే కంటెయినర్ అసలు లేవదు.

పాత కంటెయినర్‌కు ఈ మార్పు చేస్తే ఇంకో పని మిగులుతుంది. లోపలి 1000వ యూజర్ హోమ్ ఫోల్డర్ డిస్క్ మీద 101000 పేరునే ఉంటుంది. కొత్త మ్యాప్‌లో ఆ నంబరు లేదు కాబట్టి ఇప్పుడు అదీ నోబడీ అయిపోతుంది. కంటెయినర్‌ను ఆపి, దాని డిస్క్‌ను హోస్ట్‌లో మౌంట్ చేసి, 101000 ఉన్న ఫైళ్లన్నింటినీ 1000కి మార్చి, అప్పుడు మళ్లీ నడపండి.