పలు గొంతుల పాట

అనంతపురం చెంతనున్న బుక్కరాయసముద్రం పేరు పదునాలుగవ శతాబ్దిలో బుక్కరాయల కాలమున కట్టిన చెరువును బట్టి వచ్చినది. వాన ముఖం చాటు చేసిన ఏడు సప్తాహభజనలు చేయుట ఈ సీమ పల్లెలకు క్రొత్త కాదు. భజనలో ఒకరు పాట ఎత్తుకొంటారు; తక్కినవారు తాళం వేస్తూ వంత పాడుతారు. గొంతులు ఎన్ని కలిసినా వరుస ఒక్కటే, స్వరం ఒక్కటే. మనకు తెలిసిన సామూహిక గానం సాధారణంగా ఇదే.

ఒకే క్షణమున కొన్ని గొంతులు ఒక స్వరమును, మరికొన్ని వేరొక స్వరమును పలుకుతూ పొందికగా ఇమిడిపోయే బృందగానం పాశ్చాత్యుల పద్ధతి. హెచ్చు స్త్రీకంఠం మొదలు మంద్ర పురుషకంఠం దాకా గాయకులను సాధారణంగా నాలుగు తెగలుగా విభజించి, ఒక్కొక్క తెగకు ఒక్కొక్క వరుస వ్రాస్తారు. ఈ పద్ధతిని మన దేశభాషల పాటకు అలవరచుటకు పాటుపడిన ఎం.బి. శ్రీనివాసన్ పుట్టినది రాయలసీమలోనే, చిత్తూరులో, 1925 సెప్టెంబరు 19న. కుటుంబం తమిళులది, పేరు వచ్చినది మలయాళ చిత్రసీమలో. అందువలన కాబోలు, మనము ఆయనను తలచుకొనుట అరుదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, విద్యార్థి ఉద్యమంలో తిరిగి, ఢిల్లీలో కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ వద్ద కొంతకాలం పనిచేసినారు. ఆయన పెండ్లాడిన జహీదా, సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె. 1919లో జలియన్‌వాలాబాగు ఘోరమునకు ముందు తెల్లదొరలు నిర్బంధించిన నాయకులలో ఒకరు ఆ కిచ్లూయే. చరిత్ర చెప్పే ఉపాధ్యాయులకు ఈ బంధుత్వం ఆసక్తి కలిగించవచ్చును.

1960లో నిమాయ్ ఘోష్ దర్శకత్వమున వచ్చిన తమిళ చిత్రం ‘పాదై తెరియుదు పార్’కు ఆయన సంగీతం కూర్చినారు. తరువాత మలయాళ చిత్రం ‘కాల్పాడుగళ్’లో, కులమత భేదములను కాదనిన శ్రీనారాయణగురు పద్యమును ఒక యువకుని చేత పాడించినారు. ఆ యువకుడు ఏసుదాసు. సినిమాకు అది ఆయన తొలి పాట. సంగీత దర్శకునికి ఇంతకన్న పేరేమి కావలెను? అయినను శ్రీనివాసన్ మనస్సు అక్కడ ఆగలేదు. 1970 ప్రాంతమున ‘మద్రాస్ యూత్ కోయిర్’ అను బృందమును నెలకొల్పినారు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. మన రాగము గమకముపై నిలుస్తుంది. స్వరం కదలును, ఊగును. పాశ్చాత్య బృందగానంలో స్వరములు కదలక నిలిచితేనే ఒకదానికొకటి అమరును. ఊగే స్వరం ప్రక్కన వేరొక స్వరమును నిలిపితే రాగం చెదరవచ్చును. గమకమును తుడిచివేస్తే పాట పరాయిదైపోవును. కనుక ఎక్కడ అందరినీ ఒక్క వరుసలో నడపవలెనో, ఎక్కడ గొంతులను విడదీయవలెనో తెలియుటయే కూర్పరి నేర్పు. సుబ్రహ్మణ్య భారతి గేయములను శ్రీనివాసన్ ఈ బాటనే బృందగానమునకు తెచ్చినారు. పలు భారతీయ భాషల పాటలను ఆ బృందం చేత పాడించినారు. పాడినవారు వృత్తిగాయకులు కారు, యువతీయువకులు. ఒక్కొక్కరి గొంతు మేలైనది కాకపోవచ్చును. ప్రక్కవాని గొంతు వింటూ, తన వరుస తప్పకుండుట వారు నేర్వవలసిన విద్య. అది వంత పాడుటకన్న కష్టము. ప్రార్థనగీతం పాడించే ఉపాధ్యాయులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

బృందగాన శిక్షణకై లక్షద్వీపములకు వెళ్ళి, 1988 మార్చి 9న శ్రీనివాసన్ అక్కడనే కన్నుమూసినారు. తిరువనంతపురంలో ఆయన పేరిట ‘ఎం.బి.ఎస్. యూత్ కోయిర్’ వెలసినది.