పాత కోటలో కొత్త వేట

ఆట అదే. హీరో అతనే. తుపాకులూ దాదాపు అవే. కథ కాస్త మార్చి, పేరు మార్చి మళ్లీ అమ్మితే... కొనాలా, వద్దా? వీడియోగేముల పిచ్చి ఉన్న పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు తలెత్తే ప్రశ్నే ఇది.

కనుమ వచ్చిందంటే కోనసీమలో దారులన్నీ ప్రభల తీర్థాలవైపే. పదకొండు ప్రభలు ఒక్కచోట కొలువుదీరే జగ్గన్నతోట సంగతి చెప్పనే అక్కర్లేదు. వెదురు చట్రం ఏటా ఒకేలా ఉంటుంది. రంగుల గుడ్డలూ, పూలూ, అలంకారమూ మారతాయి. అయినా ‘నిరుడు చూశాం కదా’ అని ఎవరూ ఇంట్లో కూర్చోరు. అదే తాటిపాకలో ఓ కుర్రాడు ‘నాన్నా, ఆ గేములో కొత్తది వచ్చింది, కొనవా’ అంటే మాత్రం, ‘మొన్ననే కదరా కొన్నాం’ అన్న మాట ఠక్కున వచ్చేస్తుంది. ఇద్దరిలో ఎవరిది న్యాయం?

పెద్దింటి పక్కన పాక

కంప్యూటర్ ఆటలకు అనుబంధాలు రావడం మామూలే. వాటినే ఎక్స్‌పాన్షన్లు అంటారు. సాధారణంగా అసలు ఆట మన దగ్గర ఉంటేనే అవి పనిచేస్తాయి. అలా కాకుండా, అసలు ఆట లేకపోయినా విడిగా కొని ఆడుకోగలిగేదే ‘స్టాండ్‌ఎలోన్ ఎక్స్‌పాన్షన్’. పెద్దిల్లు కట్టగా మిగిలిన కలపతో పక్కనే వేసిన పాకలాంటిదన్నమాట. సామాను పాతదే, గుమ్మం మాత్రం వేరు. బొమ్మలు కదిలించే సాఫ్ట్‌వేరూ, ఆయుధాలూ, శత్రువుల రూపాలూ అప్పటికే సిద్ధంగా ఉంటాయి కాబట్టి తయారీకి తక్కువ సమయం, తక్కువ ఖర్చు. అందుకే ధరా తక్కువే. చిక్కంతా ఒక్కటే... ఆడేవాడికి అది కొత్తగా అనిపించాలి!

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టిన వ్యాపారం కాదు. 1993లో వచ్చిన ‘డూమ్’ ఆటకు 1996లో ‘ఫైనల్ డూమ్’ పేరుతో విడిగా ఆడుకునే భాగం వచ్చింది. నెట్‌సెంటర్లో గంటకింతని కట్టి ‘కౌంటర్ స్ట్రైక్’ ఆడిన తరానికి ‘హాఫ్ లైఫ్’ పేరు తెలిసే ఉంటుంది. 1998 నాటి ఆ ఆటలో హీరో ఓ శాస్త్రవేత్త. 2001లో వచ్చిన ‘బ్లూ షిఫ్ట్’లో అదే పరిశోధనశాల, అదే ప్రమాదం, అదే రోజు. కానీ ఈసారి మనం అక్కడి సెక్యూరిటీ గార్డు. చూసే కళ్లు మారాయి. కథ మరీ పొట్టిగా ఉందన్న విమర్శ మాత్రం తప్పలేదు.

గొట్టంతో గోడెక్కి...

ఈ కోవలో తప్పక చెప్పుకోవాల్సింది ‘వుల్ఫెన్‌స్టీన్: ది ఓల్డ్ బ్లడ్’. స్వీడన్‌కు చెందిన మెషీన్‌గేమ్స్ సంస్థ తయారుచేసిన ఈ ఆట 2015 మే నెలలో విడుదలైంది. అంతకు ఏడాది ముందే ఆ సంస్థ ‘ది న్యూ ఆర్డర్’తో పేరు తెచ్చుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు గెలిస్తే 1960ల్లో ప్రపంచం ఎలా ఉండేదన్నది ఆ పెద్ద ఆట కథ. ‘ఓల్డ్ బ్లడ్’ అంతకు ముందు, అంటే 1946లో జరుగుతుంది. హీరో బ్లాజ్కోవిచ్ ఓ రహస్యం కోసం మారువేషంలో శత్రువుల కోటలోకి వెళ్లి దొరికిపోతాడు.

కొత్తదనం ఇక్కడే మొదలవుతుంది. చేతిలో తుపాకీ ఉండదు, ఓ ఇనుప గొట్టం ఉంటుంది. దాన్ని రెండు ముక్కలు చేసి గోడలెక్కాలి, తలుపులు పెకలించాలి, అవసరమైతే ఆయుధంగా వాడాలి. కోటలో తిరిగే కవచాల సైనికులకు పైనున్న తీగల నుంచి కరెంటు అందుతుంటుంది. ఆ కరెంటు ఆపేస్తే ఎంతటి భారీ సైనికుడైనా బొమ్మలా నిలబడిపోవాల్సిందే! ఎదురుపడి కాల్చడం కన్నా పిల్లిలా నక్కి నడవడమే మేలనిపిస్తుంది. చేతిలో ఉన్నదాన్ని తగ్గించి ఆటను కొత్తగా చేశారు.

రెండో సగానికి వచ్చేసరికి ఆ బిగువు సడలింది. కోట నుంచి ఊళ్లోకి వచ్చాక చచ్చిన సైనికులు లేచి మీద పడుతుంటారు. ఇలాంటి నడిచే శవాలను ఎన్ని ఆటల్లో చూడలేదు! పెద్ద ఆటలో మనసుకు హత్తుకున్న మనుషులూ, వాళ్ల బాధలూ ఇందులో అంతగా కనిపించవు. అయితే పాత అభిమానులకు ఓ చిన్న కానుక ఉంది. అక్కడక్కడా కనిపించే పరుపు మీద పడుకుంటే, కలలో 1992 నాటి ‘వుల్ఫెన్‌స్టీన్ త్రీడీ’ ప్రత్యక్షమవుతుంది. మొత్తానికి సగం కొత్త, సగం పాత. విడుదలైనప్పుడు పెద్ద ఆట 60 డాలర్లయితే దీని ధర 20 డాలర్లు. ఆ లెక్కన చూస్తే మోసం లేదు.

రంగు మార్చినవాళ్లు...

ఈ పరీక్షలో అందరికీ ఒకేలా మార్కులు పడలేదు. 2008లో వచ్చిన ‘క్రైసిస్ వార్‌హెడ్’ అంతకుముందటి ఆటలోని దీవినే, హీరో స్నేహితుడి వైపు నుంచి చూపించింది. 2013 నాటి ‘ఫార్ క్రై 3: బ్లడ్ డ్రాగన్’ మరో అడుగు ముందుకేసింది. దీవి లాంటి ప్రదేశమే, ఆడే పద్ధతీ పాతదే. కానీ 1980ల నాటి వీడియో క్యాసెట్ సినిమాల వెటకారంతో, నియాన్ వెలుగులతో, కళ్లలోంచి లేజర్లు కురిపించే రాక్షస బల్లులతో అసలు ఆటతో పోలికే లేకుండా చేసేశారు. ధర 15 డాలర్లే!

2009లో ‘హేలో 3: ఓడీఎస్‌టీ’ది మరో కథ. పేరున్న హీరోని పక్కనపెట్టి, వర్షం కురిసే రాత్రి ఖాళీ నగరంలో ఒంటరిగా తిరిగే కొత్త సైనికుణ్ని చూపించారు. నేపథ్యంలో శాక్సాఫోన్. ఆ వాతావరణాన్ని ఎందరో మెచ్చుకున్నారు. కానీ దానికి పూర్తి ఆట ధరే పెట్టడంతో గొణుగుళ్లూ తప్పలేదు. సంగతి అర్థమైందిగా... కొత్త తుపాకీ నాలుగు రోజుల్లో పాతబడుతుంది. చూసే కళ్లో, నడిచే తీరో మారితేనే కొత్తదనం నిలుస్తుంది. అదీ ధరకు తగ్గట్టుండాలి.

కొనేముందు...

ఇలాంటి ఆట అడిగితే అమ్మానాన్నలు మొదట చూడాల్సింది వయసు. ‘ఓల్డ్ బ్లడ్’కు ఐరోపాలో ఇచ్చిన రేటింగు 18 ఏళ్లు నిండినవారికని. నెత్తుటి దృశ్యాలు ఎక్కువ. హైస్కూలు పిల్లాడికి ‘ఇప్పుడు కాదు నాన్నా’ అని చెప్పడమే మంచిది. రెండోది కంప్యూటర్ సామర్థ్యం. డౌన్‌లోడే 30 జీబీకి పైగా ఉంటుంది. ఊళ్లో నెట్ సంగతి మీకు తెలిసిందే!

మూడోది, అందరూ మర్చిపోయేది... ఈ ఆటకు ముగింపు ఉంది. ఒక్కసారి డబ్బు కట్టి, ఆరేడు గంటలు ఆడితే కథ పూర్తవుతుంది. ఫోన్లో ఉచితంగా దొరికే కాల్పుల ఆటలు అలా కావు. కొత్త దుస్తులనీ, కొత్త సీజననీ కొంచెం కొంచెంగా జేబు ఖాళీ చేస్తూనే ఉంటాయి. వాటికి ‘అయిపోయింది’ అన్న మాటే లేదు.

అందుకే వయసొచ్చిన కొడుకు అడిగితే, ‘మళ్లీ అదేనా’ అని కసిరేముందు ఒక్క ప్రశ్న వేయండి. ‘ఇందులో కొత్తగా ఏముందిరా?’ అని. తుపాకుల పేర్లు చదివాడా... ఆగమనండి. కథ చెప్పడం మొదలుపెట్టాడా... ఆలోచించొచ్చు!